పాపా, బాబా? ఒక పరీక్ష కథ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న న్యూజెర్సీ నుంచి మా కోడలు ఫోన్ చేసింది. నేను వంటింట్లో కింద కూర్చుని గోంగూర తుంచుతున్నాను. తనకిప్పుడు మూడో నెల. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన ఉంచుకున్నాను.

“అత్తయ్యా, రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. క్రోమోజోముల్లో తేడా ఏమీ కనిపించలేదట. అంతా బాగానే ఉందన్నారు.”

హమ్మయ్య అనుకున్నాను. దేవుడి గది వైపు తిరిగి దణ్ణం కూడా పెట్టుకున్నాను. అప్పుడు తనే మళ్లీ అంది. “పాపో బాబో కూడా అందులోనే తెలుస్తుందట. మేమింకా ఆ పేజీ తెరవలేదు. చూశాక మీకు చెప్పమంటారా?”

గోంగూర కాడ చేతిలో అలాగే ఉండిపోయింది. “మీరిద్దరూ చూసుకోండమ్మా, నాకిప్పుడే వద్దులే” అన్నాను. పాతకాలం మనిషిని, పుట్టేదాకా ఆగడమే ఇష్టం కాబోలు అనుకుని నవ్వింది.

సంగతి అది కాదు. ఆ ప్రశ్న నన్ను ఇంతకు ముందొకసారి అడిగారు. అప్పుడు నేను “చెప్పండి” అన్నాను.

ఆ కథ చెప్తాను. కానీ దానికి ముందు ఈ పరీక్ష ఎక్కడ పుట్టి మా ఇంటిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. రెండు నెలలుగా దీని గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ నా కథ నాకే వేరేగా కనిపిస్తోంది.

కడుపులో బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలనే కోరిక మనకి కొత్త కాదు. పొట్ట ఆకారం చూసి, నడక చూసి చెప్పే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉండేవారు. మగబిడ్డ కావాలని గర్భిణికి చేసే పుంసవనం మన షోడశ సంస్కారాల్లో ఒకటి. కోరిక అంత పాతది. అయితే కోరిక ఉండటం వేరు, దాన్ని తీర్చే పనిముట్టు చేతిలో ఉండటం వేరు.

ఆ పనిముట్టు పుట్టింది డెన్మార్క్‌లో. 1956లో కోపెన్‌హాగెన్‌కు చెందిన ఫ్రిట్జ్ ఫుక్స్, పోవుల్ రీస్ అనే ఇద్దరు వైద్యులు ఉమ్మనీటిలో తేలే కణాలను బట్టి బిడ్డ ఆడో మగో చెప్పవచ్చని ప్రకటించారు. ఆడపిల్ల కణంలో ఒక చిన్న నల్లటి చుక్కలాంటిది కనిపిస్తుంది, మగపిల్లవాడి కణంలో అది ఉండదు. అంతే సంగతి.

ఇంతకీ వాళ్లకది ఎందుకు కావలసివచ్చింది? హిమోఫీలియా కోసం. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు అది. తల్లి ద్వారా వస్తుంది, కానీ బయటపడేది ఎక్కువగా మగపిల్లల్లోనే. అలాంటి తల్లికి కొడుకు పుడితే సగానికి సగం అవకాశం జబ్బుతో పుట్టడానికి. కూతురైతే సాధారణంగా భయం లేదు. 1960లో ఆ డాక్టర్లు అలాంటి ఒక తల్లికి పరీక్ష చేశారు. కడుపులో ఉన్నది మగబిడ్డ అని తేలింది. గర్భం తీసేశారు.

ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. లోకంలో ఈ పరీక్ష మొదట అడ్డుకున్నది మగపిల్లలను! ఆడపిల్ల అని తేలితే ఆ తల్లులు ఊపిరి పీల్చుకునేవారు. ఏ మగబిడ్డకి జబ్బుందో, ఏ బిడ్డకి లేదో చెప్పే దారి అప్పట్లో లేదు. అలా వద్దనుకున్నవాళ్లలో సగం మందికి జబ్బు ఉండకపోయే అవకాశమే ఉంది. ఆ తల్లులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక బిడ్డ రక్తం కారి చనిపోవడం చూసినవాళ్లు రెండోసారి ఏం చేస్తారో బయట నిలబడి చెప్పలేం. కానీ ఒకటి గమనించండి. పరీక్ష “ఆడా మగా” అని మాత్రమే చెప్పింది. ఆ జవాబుతో ఏం చేయాలన్నది దాన్ని అడిగినవాళ్లే నిర్ణయించారు.

మనుషులను ఏరుకోవాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. 1883లో డార్విన్‌కి బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ దానికి ‘యూజెనిక్స్’ అని పేరు పెట్టాడు. మంచి వంశాలు పెరగాలి, ‘పనికిరాని’ వంశాలు తగ్గాలి అన్నది దాని సారం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం క్యారీ బక్ అనే పేద పిల్లను మందబుద్ధి అని ముద్రవేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి సిద్ధపడితే 1927లో అక్కడి సుప్రీంకోర్టు సరే అంది. ఆమె మందబుద్ధి కాదని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు. ఆ దేశంలో అలా అరవై వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. 1933లో హిట్లర్ ప్రభుత్వం చట్టం చేసి సుమారు నాలుగు లక్షల మందికి చేయించింది.

ఇవి చదువుతుంటే కోపం వస్తుంది, భయం వేస్తుంది. దాంతోపాటు ఒక రకమైన నిశ్చింత కూడా. ఎందుకంటే అవన్నీ ప్రభుత్వాలు చేసినవి, మనం కాదు. మన దేశంలో జరిగినదానికి అలాంటి సాకు లేదు. ఇక్కడ ఏ సర్కారూ ఎవరినీ బలవంతపెట్టి ఆడపిల్లను వద్దనిపించలేదు. భోజనాల దగ్గర, పడకగదుల్లో, ఆప్యాయంగా మాట్లాడుకుంటూనే చేశాం.

1971లో గర్భస్రావ చట్టం వచ్చింది. స్త్రీల ప్రాణాలు కాపాడిన చట్టం అది, అందులో నాకు సందేహం లేదు. తర్వాత మూడు నాలుగేళ్లకు, 1974-75 ప్రాంతంలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉమ్మనీటి పరీక్ష మొదలుపెట్టారు. పుట్టుకతో వచ్చే లోపాలను కనిపెట్టడం దాని ఉద్దేశం. కానీ వచ్చిన స్త్రీలలో చాలామంది అడిగింది లోపాల గురించి కాదు, పాపా బాబా అని. ఆడపిల్ల అని తెలిసినవాళ్లు గర్భం వద్దనడం మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేలోగా ప్రభుత్వం తన ఆసుపత్రుల్లో ఆడ, మగ తెలుసుకోవడానికి ఈ పరీక్ష చేయకూడదంది. ప్రైవేటు వాళ్ల జోలికి మాత్రం పోలేదు.

1979లో అమృత్‌సర్‌లో ఒక క్లినిక్ బహిరంగంగా ప్రకటనలిచ్చి ఇదే పని మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి బొంబాయికీ, మిగతా ఊళ్లకీ పాకింది. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చుపెడితే రేపు లక్షల కట్నం మిగులుతుందని చెప్పే ప్రకటనలు రైల్లోనూ గోడల మీదా కనిపించేవట. కట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉందన్న సంగతి వాటిని రాసినవాళ్లకి గుర్తు లేదు కాబోలు. కొడుకు కోసం వరసగా కనేవాళ్లు ఆగిపోతారు కాబట్టి జనాభా తగ్గుతుందని వాదించిన చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇంతలో స్కానింగ్ వచ్చింది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు 1958లో ఆ బొమ్మలను లోకానికి చూపించాడు. ఓడల తయారీలో లోహపు పగుళ్లు వెతికే యంత్రాన్ని ఆయన తల్లి కడుపు చూడటానికి మలిచాడు. సూది అక్కర్లేదు, నొప్పి లేదు. ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. 1980లలో అది మన జిల్లా కేంద్రాలకు వచ్చింది. మెల్లగా చిన్న ఊళ్లకీ చేరింది.

ఇక నా సంగతి.

1988. మేము తెనాలిలో ఉండేవాళ్లం. మా పెద్దమ్మాయికి మూడేళ్లు. నాకు రెండోసారి నాలుగో నెల దాటింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా ఆడపడుచు భోజనాలయ్యాక అంది. “వదినా, అక్కడ ఒక నర్సింగ్‌హోమ్‌లో చేస్తున్నారట. ఒక్క సూది, అంతే. ముందే తెలిస్తే మంచిది కదా.” మా అత్తగారు తమలపాకుకి సున్నం రాస్తూ “దాని ఇష్టం, మీరెవరూ బలవంతం చేయకండి” అన్నారు. మావారు పేపర్ చదువుతున్నారు. పేజీ తిప్పలేదు.

అప్పటికి మన రాష్ట్రంలో దాన్ని తప్పనే చట్టం లేదు. ఎవరూ గొంతు తగ్గించి కూడా మాట్లాడలేదు. నేనే “సరే” అన్నాను.

పొట్టలో సూది గుచ్చి కొంచెం నీరు తీశారు, లేత పసుపు రంగులో ఉంది. ఫలితానికి పద్దెనిమిది రోజులు ఆగమన్నారు. ఆ పద్దెనిమిది రోజులూ నేను పొట్ట మీద చెయ్యి వేసుకోలేదు. కావాలని అనుకుని కాదు, చెయ్యి వెళ్లేది కాదు. పదో రోజో పదకొండో రోజో రాత్రి బిడ్డ మొదటిసారి కదిలింది. పక్కనే మా అమ్మాయి నిద్రపోతోంది. ఎవరికీ చెప్పలేదు. పెద్దదాని కడుపుతో ఉన్నప్పుడు ఆ మొదటి కదలిక గురించి ఇల్లంతా తెలిసేలా చెప్పాను.

ఫలితానికి వెళ్లేరోజు సంచిలో రెండు పాత చీరలు, ఒక తువ్వాలు సర్దుకున్నాను. ఎందుకని మావారు అడగలేదు. నేనూ చెప్పలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి “బాబేనండీ” అంది. ఆడపడుచు నన్ను వాటేసుకుంది. మైసూర్‌పాక్ కొన్నారు. చీరలు సంచిలో అలాగే ఇంటికొచ్చాయి. ఆ తర్వాత ఆ పరీక్ష గురించి మా ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ మాట్లాడలేదు.

నాకు తెలియనిది ఏమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే మహారాష్ట్ర ఈ పరీక్షను అడ్డుకుంటూ దేశంలో మొదటి చట్టం చేసింది. దానంతట అది రాలేదు. బొంబాయిలో స్త్రీలు, డాక్టర్లు, లాయర్లు కలిసి ఒక వేదికగా ఏర్పడి మూడేళ్లు పోరాడితే వచ్చింది. 1994లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, 1996 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో కాగితానికే పరిమితమైంది. 2000లో సెహత్, మాసుమ్ అనే సంస్థలు, సాబూ జార్జ్ అనే పరిశోధకుడు సుప్రీంకోర్టుకు వెళ్లాక గానీ ప్రభుత్వాలు కదల్లేదు. 2003లో చట్టాన్ని గట్టి చేశారు. గర్భం రాకముందే ఏరుకునే పద్ధతులనూ అందులోకి తెచ్చారు. స్కానింగ్ సెంటర్ గోడ మీద మీరు చూసే ఆ బోర్డు వెనక ఇంత కథ ఉంది.

ఈలోగా జనాభా లెక్కలు చెప్పాల్సింది చెప్పాయి. ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1981లో 962 మంది ఆడపిల్లలుండేవారు. 1991లో 945. 2001లో 927. పంజాబ్‌లోనైతే 2001లో 798 మాత్రమే! మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961, 2011కి 939. ఉత్తరాదివాళ్ల కంటే నయం అని మనం చెప్పుకుంటూ ఉన్నప్పుడే మన అంకె కూడా దిగుతూనే ఉంది.

2006లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నన్ను బాగా కదిలించింది. మన దేశంలో పదకొండు లక్షల ఇళ్ల లెక్కలు తీసి చూశారు.  మొదట ఆడపిల్ల పుట్టిన ఇంట్లో రెండో కాన్పు చూస్తే, వెయ్యి మంది మగపిల్లలకు 759 మందే ఆడపిల్లలు. చదువుకున్న తల్లుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. మొదట ఆడపిల్ల, రెండో కాన్పు, చదువుకున్న తల్లి. అది ఎక్కడో పంజాబ్ కథ కాదు, తెనాలిలో మా ఇల్లు. మాకు బాబు పుట్టాడు కాబట్టి మేము ఆ లెక్కలో మంచివాళ్ల వైపు పడ్డాం, అంతే తేడా.

చట్టంలో ఒక మాట ఉంది. ఇలాంటి పరీక్షకు వచ్చిన గర్భిణిని భర్తో బంధువులో బలవంతపెట్టారనే కోర్టు భావిస్తుంది, కాదని రుజువైతే తప్ప. ఎంతోమంది ఆడవాళ్ల విషయంలో అది నిజం, ఆ రక్షణ ఉండి తీరాలి. అది చదివినప్పుడు ఒక్క క్షణం నాకూ ఊరట కలిగింది. కానీ నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నా అత్తగారు వద్దనే అన్నట్టు. ఒక ఆడపిల్లను పెంచుతూ, దాన్ని ప్రాణంగా చూసుకుంటూ, నేనే వెళ్లి ఆ బల్ల మీద పడుకున్నాను.

మరి పరీక్షే పాపమా? అలా అనలేను. సైప్రస్ సంగతి చూడండి. చిన్న ద్వీపం. అక్కడ ఏడుగురిలో ఒకరి రక్తంలో తలసేమియా లక్షణం ఉంటుంది. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఆ జబ్బు రావడానికి. జీవితాంతం రక్తం ఎక్కించుకోవాలి. ఒకప్పుడు అక్కడ 158 కాన్పుల్లో ఒక బిడ్డ అలా పుట్టేది. 1970లలో పరీక్షలు మొదలుపెట్టారు. 1983 నుంచి పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు కాగితం చూపమని అక్కడి చర్చే అడిగింది. అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ లక్షణం ఉందని తెలిసినా చాలామంది పెళ్లి మానుకోలేదు. తర్వాత ఏం చేయాలో తెలుసుకుని చేసుకున్నారు. కొన్నేళ్లకు ఆ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

మేనరికాలు చేసుకునే మనవాళ్లకి ఇది దూరపు కథేమీ కాదు. జాతకాలు రెండు మూడు చోట్ల చూపించే మనం రెండు రక్తపరీక్షలకి ఎందుకు సంకోచిస్తాం? ‘పిల్లలో ఏదో ఉందట’ అన్న మాట ఒక్కటి బయటికి పొక్కితే చాలు, మిగతా చెల్లెళ్ల పెళ్లిళ్లు కూడా ఆగిపోతాయన్న భయం. ఆ భయం అబద్ధం అని కూడా చెప్పలేను. సైప్రస్‌లో ఆ ఫలితం జంటకి సమాచారం. మన దగ్గర అది పిల్ల మీద మచ్చ. పరీక్ష ఒకటే, ఇళ్లు వేరు.

ఇప్పుడు పనిముట్లు ఇంకా చిన్నవైపోయాయి. 1990లో లండన్‌లో అలన్ హాండిసైడ్ బృందం శరీరం బయట తయారైన పిండాలను పరీక్షించి, జబ్బు లేనివాటినే గర్భంలోకి పంపింది. అక్కడా మగపిల్లలకు వచ్చే జబ్బులను తప్పించడానికి ఏరుకున్నది ఆడపిల్లలనే. 1997లో హాంకాంగ్‌కు చెందిన డెన్నిస్ లో తల్లి రక్తంలోనే బిడ్డ డి.ఎన్.ఏ. తేలుతుందని కనిపెట్టాడు. మా కోడలు చేయించుకున్న పరీక్ష దాన్నుంచి వచ్చినదే. ఇప్పుడు అమెరికాలో పిండాలకు రేపు రాబోయే జబ్బులకే కాదు, ఎత్తుకీ తెలివికీ కూడా మార్కులేసి ఇస్తామనే కంపెనీలు వచ్చాయి. 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త ఇద్దరు కవల ఆడపిల్లల జన్యువులను పిండం దశలోనే మార్చానని ప్రకటిస్తే లోకమంతా ఉలిక్కిపడింది. ఆయన్ని మూడేళ్లు జైల్లో పెట్టారు.

తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు తాగించే ఇళ్లు మనవి. ర్యాంకుల కోసం పిల్లల్ని ఆరో క్లాసు నుంచే కోచింగ్‌కి పంపే ఇళ్లు. మన చేతికి ఆ మార్కుల కాగితం వస్తే ఏం అడుగుతామో ఊహించడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. నేను ఊహించగలను. ఒకసారి అడిగినదాన్ని కాబట్టి.

మొన్న మళ్లీ కోడలితో మాట్లాడాను. “జబ్బుల సంగతి ఏదన్నా ఉంటే దాచకుండా చెప్పమ్మా, మేమూ మీతో పాటు ఉంటాం. ఆ రెండో సంగతి మాత్రం పుట్టాకే చెప్పు” అన్నాను. ఎందుకని అడగలేదు. మంచి పిల్ల.

ఇది ఇక్కడ పెట్టే ముందు మా అబ్బాయికి చెప్పాలనిపించింది. వాడి గురించి వాడికి తెలియకుండా మీకు చెప్పడం న్యాయం కాదు కదా. వాడికక్కడ రాత్రి. డాబా మీద కూర్చుని అంతా చెప్పాను. నర్సింగ్‌హోమ్, పద్దెనిమిది రోజులు, కదలిక, మైసూర్‌పాక్.

చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అని రెండుసార్లు చూసుకున్నాను. తర్వాత అడిగాడు. “పాప అయి ఉంటే ఏం చేసేదానివమ్మా?”

“తెలియదు నాన్నా” అందామని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు అదే. కానీ చెప్పలేదు. సంచిలో పెట్టుకున్న ఆ రెండు చీరల గురించి చెప్పాను.